ఊరికే వచ్చింది గానీ, ఊరూ పేరూ లేనిది కాదు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణం అనుకోండి. రైతు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా అయ్యాయి, రేటు తెగింది. గుమాస్తా కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు అంకెలు కొట్టాడు. పట్టీ బయటికొచ్చింది. ఎన్ని టిక్కీలు, నికర తూకం ఎంత, క్వింటా రేటు ఎంత, కమీషనూ హమాలీ పోను రైతు చేతికి ఎంత రావాలి, అన్నీ తెలుగులో, చక్కటి అచ్చులో.

ఆ పట్టీ కొట్టే ప్రోగ్రామ్ ఏ అమెరికా కంపెనీయో రాసి పంపాల్సిన పని లేదు. మా పెదకాకాని, నంబూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్ బస్సెక్కకుండా ఇక్కడే నిలబడదామనుకున్న కుర్రాళ్లు రాయగలరు, రాస్తున్నారు. అటు గుంటూరు, ఇటు విజయవాడ, మధ్యలో హైవే. కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగు మిల్లులు, పురుగుమందుల షాపులు. ఒక్కొక్కరి లెక్క ఒక్కో రకం, ఒక్కొక్కరికి ఒక్కో బిల్లింగు ప్రోగ్రామ్. పని దొరుకుతుంది. ఆ కుర్రాళ్లు అడిగే ప్రశ్న కూడా ఎప్పుడూ ఒక్కటే: "అన్నా, ఇందులో వాడినవన్నీ ఓపెన్ సోర్సే. ఫ్రీగా దింపుకున్నాం. దీన్ని డబ్బులకు అమ్మితే ఇబ్బందేమైనా ఉంటుందా?"

అమ్ముకోవచ్చు. ముందు ఆ భయం తీసెయ్యండి. 1998లో ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ పుట్టి, దేన్ని ఓపెన్ సోర్స్ అనాలో నిర్వచనం రాసిపెట్టింది. వ్యాపారానికి వాడకూడదు అని రాసుకున్న లైసెన్సు ఆ నిర్వచనం ప్రకారం అసలు ఓపెన్ సోర్సే కాదు. రెడ్ హ్యాట్ అనే కంపెనీ లినక్స్ చుట్టూనే వ్యాపారం చేసి, 2019లో 34 వందల కోట్ల డాలర్లకు ఐబీఎం చేతికి వెళ్లింది. కాబట్టి డబ్బు దగ్గర పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఇచ్చినాయన ఏం చెప్పి ఇచ్చాడో వినకుండా తీసుకోవడం దగ్గర.

ఆ పట్టీ ప్రోగ్రామును విప్పి చూద్దాం. అడుగున లినక్స్ ఉంది. దానిది జీపీఎల్ అనే లైసెన్సులో రెండో వెర్షన్. లెక్కలు దాచుకునే డేటాబేసు మరియాడీబీ అయితే అదీ జీపీఎల్, పోస్ట్‌గ్రెస్ అయితే చాలా సులువైన లైసెన్సు. పైన రాత పైథాన్‌లోనో జావాలోనో. పట్టీని పీడీఎఫ్‌గా మార్చడానికి ఒక లైబ్రరీ, అంటే వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్. తెలుగు అక్షరాలకు ఒక ఫాంటు. మన కుర్రాడు రాసింది వీటన్నిటి మీద ఉన్న పైపొర. కింద ఉన్నవాటిలో ప్రతిదానికీ ఒక కర్త ఉన్నాడు, కాపీరైటు ఉంది, షరతుల కాగితం ఉంది. మన 1957 కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల్లోనే చేర్చింది. కథ రాసినవాడికి కథ మీద ఎంత హక్కో, కోడ్ రాసినవాడికి కోడ్ మీద అంతే. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రాసిన క్షణమే పుడుతుంది. ఆయన తన హక్కును వదులుకోలేదు. షరతుల మీద అనుమతి ఇచ్చాడు. షరతు తప్పితే అనుమతి పోతుంది. అప్పుడు మన చేతిలో ఉన్నది దొంగ కాపీతో సమానం. ఉల్లంఘించినవాడి సంగతి ఆ చట్టంలోని 63వ సెక్షన్ చూసుకుంటుంది. దొంగ కాపీ అని తెలిసి కూడా ఆ ప్రోగ్రామును వాడినవాడికి 63బి సెక్షన్ ఉంది. వారం రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. అంటే తెలిసి వాడితే కొన్న షావుకారు కూడా తప్పించుకోలేడు.

లైసెన్సు వేరు, పేటెంటు వేరు. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ. మన పత్తి రైతుకు మాత్రం ఈ తేడా ఇరవై ఏళ్ల కిందటే చేతి డబ్బుతో తెలిసొచ్చింది. ఆ సంగతి కొంచెం చెప్పుకుందాం.

2002 మార్చిలో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ తరవాత రెండు మూడేళ్లకు 450 గ్రాముల విత్తనం ప్యాకెట్టు ధర 1600 రూపాయలు దాటింది. అందులో 1250 రూపాయలు విత్తనానికి కాదు, విత్తనంలో ఉన్న జన్యువుకు. ట్రెయిట్ ఫీజు అన్నారు దాన్ని. మహికో మోన్‌శాంటో కంపెనీ విత్తన కంపెనీలకు లైసెన్సు ఇచ్చేది, వాళ్లు రైతు దగ్గర వసూలు చేసి కట్టేవాళ్లు. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇది గుత్తాధిపత్యం అంటూ ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లింది. ప్యాకెట్టు 750 రూపాయలకు దిగింది. 2007లో రాష్ట్రం పత్తి విత్తనాల ధరల మీద ఏకంగా చట్టమే చేసింది.

ఇందులో చాలామందికి తట్టని విషయం ఒకటుంది. బోల్‌గార్డ్ అనే ఆ మొదటి రకం బీటీ పత్తికి మన దేశంలో పేటెంటే లేదు. లేకుండానే అంత డబ్బు వసూలైంది. ఎలాగంటే, ఒప్పందం. జన్యువు మా దగ్గరే ఉంది, కావాలంటే ఈ కాగితం మీద సంతకం పెట్టు అన్నారు, పెట్టారు. పేటెంటు వచ్చింది రెండో రకానికి. దాని నంబరు 214436, 2008లో ఇచ్చారు. 2015లో హైదరాబాద్ కంపెనీ నూజివీడు సీడ్స్‌కూ మోన్‌శాంటోకూ ఫీజు దగ్గర చెడి, లైసెన్సు రద్దయి, కథ కోర్టుకెక్కింది. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి ఆ పేటెంటే చెల్లదంది. మొక్కలకూ విత్తనాలకూ పేటెంటు ఇవ్వకూడదని మన పేటెంట్ల చట్టంలో 3(జె) సెక్షన్ ఉంది కదా, ఇది దాని కిందికి వస్తుందంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు పక్కన పెట్టి, సాక్ష్యాలు చూసి విచారించండి అని కేసును వెనక్కి పంపింది. ఆ విచారణ తేలకముందే, 2019 చివర్లో, 20 ఏళ్ల గడువు నిండి పేటెంటు దానంతటదే పోయింది. 2020లో కేంద్రం ట్రెయిట్ ఫీజును సున్నా చేసింది. 2021లో రెండు పక్షాలూ రాజీ పడ్డాయి.

ఇప్పుడు తేడా చూడండి. ఒప్పందం సంతకం పెట్టినవాళ్లనే కడుతుంది. పేటెంటు అలా కాదు. నువ్వు సంతకం పెట్టావా, కాపీ కొట్టావా, నీకు తెలుసా తెలియదా అని అడగదు. సొంత బుర్రతో అదే పద్ధతి కనిపెట్టినా సరే, ఆ దేశంలో 20 ఏళ్లు వాడటానికి వీల్లేదంటుంది. కాపీరైటు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. నా రాత కాపీ కొట్టకు అంటుంది. అదే పని చేసే వేరే రాత నువ్వే రాసుకుంటే ఊరుకుంటుంది. ఓపెన్ సోర్స్ లైసెన్సులు ప్రధానంగా కాపీరైటు మీద కట్టినవి. పేటెంటు సంగతి కొన్ని మాట్లాడతాయి, కొన్ని మాట్లాడవు.

సరే, పట్టీ దగ్గరికి వద్దాం. లైసెన్సుల్లో సాధు రకాలు ఉన్నాయి. ఎంఐటీ, బీఎస్‌డీ లాంటివి. ఏమైనా చేసుకో, అమ్ముకో, నీ కోడ్ దాచుకో, కానీ నా పేరూ ఈ షరతుల కాగితమూ తీసెయ్యకు అంటాయి. అంతే. ఆ ఒక్క షరతు కూడా పాటించరు మనవాళ్లు. పాటించడం ఎంతసేపు? ప్రోగ్రామ్‌లో 'మా గురించి' అనే పేజీ పెట్టి, ఆ కాగితాలు అతికిస్తే సరిపోతుంది. అపాచీ అనే ఇంకొకటి 2004లో రెండో వెర్షన్‌గా వచ్చింది. అది పేటెంటు గురించి కూడా మాట్లాడుతుంది. ఈ కోడ్ ఇచ్చినవాళ్లు, ఇందులో వాళ్లిచ్చిన భాగానికి సంబంధించిన తమ పేటెంట్లు కూడా వాడుకోనిస్తారు. నువ్వు గనక ఈ కోడ్ మీద పేటెంటు కేసు వేస్తే నీకిచ్చిన పేటెంటు అనుమతి ఆగిపోతుంది. పేరు మాత్రం ఇవ్వదు. సరుకు వాడుకో, మా బ్రాండు వాడకు అంటుంది. విత్తనాల్లోనూ ఇదే న్యాయం. 2001 నాటి చట్టం రైతు తన పంటలో విత్తనం దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు అంది, బ్రాండు పేరు పెట్టి మాత్రం అమ్మకూడదంది.

జీపీఎల్ దగ్గర అపోహలు ఎక్కువ. జీపీఎల్ వాడితే నా కోడంతా ఇంటర్నెట్‌లో పెట్టెయ్యాలట కదా అని అడుగుతారు. అక్కర్లేదు. నీ షాపులో నువ్వు వాడుకున్నంతకాలం ఏ షరతూ లేదు. ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. ఇంకొకరికి కాపీ ఇచ్చినప్పుడే షరతు లేస్తుంది. కాపీ తీసుకున్నవాడికే సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. ఊరందరికీ కాదు. అయితే ఆ షావుకారు దాన్ని పక్క కొట్టువాడికి ఊరికే ఇచ్చేస్తే నువ్వు వద్దనకూడదు. అక్కడే మన కుర్రాళ్ల మొహం మాడుతుంది. కానీ జీఎస్టీ రేటు మారినప్పుడు ప్రోగ్రామ్ మార్చేదెవరు? సీజన్లో రాత్రి పది గంటలకు ప్రింటర్ మొరాయిస్తే వచ్చేదెవరు? డబ్బు అక్కడుంది. పెన్ డ్రైవ్‌లో ఉన్న కాపీలో లేదు.

ఇంకో సంగతి. లినక్స్ మీద నడిచినంత మాత్రాన నీ ప్రోగ్రామ్ జీపీఎల్ అయిపోదు. జీపీఎల్ లైబ్రరీని నీ కోడ్‌లో కలిపి ఒకే ప్రోగ్రామ్‌గా చేసి ఇస్తేనే ఆ మాట. దగ్గర దగ్గరగా ఉన్న రెండు వేర్వేరు ప్రోగ్రాములు మాట్లాడుకుంటే ఒక సంగతి, ఒకటిలో ఒకటి కలిసిపోతే వేరే సంగతి. ఈ గీత ఎక్కడ అన్నదాని మీద లాయర్లు ఇప్పటికీ వాదించుకుంటారు.

నన్నడిగితే, ఈ పట్టీ ప్రోగ్రామ్‌లో అసలు ముల్లు లినక్స్ కాదు, పీడీఎఫ్ లైబ్రరీ. జావా వాడేవాళ్లలో ఐటెక్స్ట్ అనేది బాగా వాడుకలో ఉంది. నెట్‌లో వెతికితే నమూనా కోడ్ బోలెడు. పాత వెర్షన్లు ఉదారమైన లైసెన్సులో ఉండేవి. 2009 చివర్లో ఐదో వెర్షన్ నుంచి అది ఏజీపీఎల్‌కు మారింది. ఏజీపీఎల్ అంటే జీపీఎల్‌కు ఒక మెట్టు పైన. నువ్వు కాపీ ఎవరికీ ఇవ్వకపోయినా, నీ ప్రోగ్రామును సర్వర్‌లో పెట్టి జనం నెట్ ద్వారా వాడుకునేలా చేస్తే చాలు, దాన్ని నువ్వు మార్చి ఉంటే వాళ్లకు సోర్స్ ఇవ్వాలి. మన కుర్రాడు ఐటెక్స్ట్‌ను తన కోడ్‌లో కలిపేసి, క్లౌడ్‌లో పెట్టి, యార్డులో ఇరవై దుకాణాలకు నెలకింత అని అద్దెకిచ్చాడనుకోండి. ఆ మొత్తం ప్రోగ్రామ్ సోర్స్ ఆ ఇరవై మందికీ ఇవ్వాల్సిన పరిస్థితి. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఐటెక్స్ట్ వాళ్ల దగ్గర డబ్బుకట్టి వేరే లైసెన్సు తీసుకోవాలి. ఈ చిక్కు తప్పించుకునే దారి ముందే ఉంది మరి: అదే పని చేసే, అపాచీ లైసెన్సులో ఉన్న పీడీఎఫ్‌బాక్స్ అనే లైబ్రరీ. మొదటి రోజే చూసుకుని ఉంటే పైసా ఖర్చు లేదు. ఇరవై దుకాణాలు ఎక్కాక మార్చాలంటే నెలల పని.

ఇలా చిక్కుల్లో పడటం ఊహ కాదు. ఘోస్ట్‌స్క్రిప్ట్ అని పీడీఎఫ్ పని చేసే మరో ప్రోగ్రామ్ ఉంది. దాన్ని ఆర్టిఫెక్స్ అనే అమెరికా కంపెనీ రెండు రకాలుగా ఇస్తుంది. జీపీఎల్ కుటుంబం షరతులు ఒప్పుకుంటే ఊరికే, లేకపోతే డబ్బుకు. కొరియాలో హాన్‌కామ్ అనే పెద్ద ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని తమ ప్రోగ్రాముల్లో కలిపేసి, సోర్సూ ఇవ్వలేదు, డబ్బూ కట్టలేదు. 2016 డిసెంబరులో కాలిఫోర్నియాలో కేసు పడింది. ఊరికే దింపుకున్నాం, ఒప్పందం ఎక్కడుంది అని వాదించారు. 2017 ఏప్రిల్‌లో జడ్జి, షరతులు రాసి ఉన్నదాన్ని తీసుకుని వాడితే ఒప్పందం లేదనడం కుదరదన్న దారిలో కేసు నడవనిచ్చారు. తరవాత రాజీ అయింది.

ఇక పట్టీ మీది తెలుగు అక్షరాలు. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. ఒకప్పుడు డీటీపీ సెంటర్లలో తెలుగు కావాలంటే కంప్యూటర్ వెనక తాళం లాంటి డాంగిల్ గుచ్చాల్సి వచ్చేది, లేదా దొంగ కాపీ వాడేవాళ్లు. యూనికోడ్ వచ్చాక తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి జనానికి ఉచితంగా ఇచ్చారు. సిలికానాంధ్ర పూనికతో రామభద్ర, మండలి, ఎన్టీఆర్, సురవరం, గిడుగు లాంటి ఫాంట్లు వచ్చాయి. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. పెదకాకాని తిరునాళ్లకు ఫ్లెక్సీ వేయండి, పెళ్లికార్డు అచ్చు వేయండి, మిర్చి పొడి ప్యాకెట్టు మీద పేరు వేసి దుబాయ్ పంపండి, ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. ఆ ఫాంటుతో తయారుచేసిన కాగితానికి ఏ షరతూ అంటదని లైసెన్సులోనే రాసి ఉంది.

ఫాంటు జిప్ ఫైలు విప్పితే లోపల ఓఎఫ్ఎల్ అనే పేరుతో చిన్న టెక్స్ట్ ఫైలు కనిపిస్తుంది. డీటీపీ సెంటర్లో అందరూ ముందు డిలీట్ చేసేది దాన్నే. రెండు నిమిషాల్లో చదవచ్చు. మీ సాఫ్ట్‌వేర్‌లో కలిపి అమ్ముకోండి, కానీ ఫాంటును ఒంటిగా అమ్మకండి అంటుంది. అక్షరం వంపు మార్చి మీరే కొత్త ఫాంటు చేస్తే, అదీ ఇదే లైసెన్సులో ఇవ్వాలి. కర్త పేరు మీద పట్టు పెట్టుకుని ఉంటే మీ ఫాంటుకు వేరే పేరు పెట్టాలి. మరి మన దగ్గర ఏం జరుగుతోంది? "రెండు వందల తెలుగు ఫాంట్లు, ఒకే పెన్ డ్రైవ్‌లో" అని డబ్బుకు అమ్మేస్తున్నారు. ఎవరో అమెరికాలో, హైదరాబాద్‌లో కూర్చుని మన అక్షరానికి ఊరికే చేసిన చాకిరీని, ఆయన పేరు చెరిపేసి అమ్మడం అది. చట్టం మాట అటుంచి, ఇది నాకు బొత్తిగా నచ్చని పని.

ఇప్పుడు పేటెంట్లు. దీనికి ఒక ముచ్చట చెబుతాను, బొమ్మ రైళ్ల ముచ్చట. రాబర్ట్ జేకబ్‌సన్ అని కాలిఫోర్నియాలో భౌతికశాస్త్రం ప్రొఫెసర్. బొమ్మ రైళ్లను కంప్యూటర్‌తో నడిపే సాఫ్ట్‌వేర్‌ను మిత్రులతో కలిసి రాసి, ఓపెన్ సోర్స్‌గా ఇచ్చాడు. అదే వ్యాపారంలో ఉన్న మాథ్యూ క్యాట్జర్ అనే ఆయన దగ్గర ఒక పేటెంటు ఉంది. నీ సాఫ్ట్‌వేర్ నా పేటెంటును తొక్కుతోంది, కాపీకి ఇంత చొప్పున రెండు లక్షల డాలర్ల పైచిలుకు కట్టు అని ఉత్తరం రాశాడు. ఊరికే పంచిపెట్టినవాడి మీద బిల్లు! జేకబ్‌సన్ కోర్టుకెళ్లాడు. తవ్వుతుంటే బయటపడిందేమిటంటే, ఆ క్యాట్జర్ కంపెనీయే జేకబ్‌సన్ బృందం ఫైళ్లను పేర్లు తీసేసి తమ ప్రోగ్రామ్‌లో వాడుకుంది. 2008 ఆగస్టులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, ఊరికే ఇచ్చినా షరతు షరతే, తప్పితే కాపీరైటు ఉల్లంఘనే అంది. ఆ పేటెంటును క్యాట్జర్ తనే వదులుకున్నాడు. 2010లో లక్ష డాలర్లు ఇచ్చేలా రాజీ కుదిరింది. లైసెన్సూ పేటెంటూ ఒకే కేసులో ఇంత చక్కగా ఎదురుబడటం అరుదు.

మన దేశంలో ఆ క్యాట్జర్‌కు అలాంటి పేటెంటు దొరకడం కష్టం. మన 1970 పేటెంట్ల చట్టంలో 3(కె) అని ఒక సెక్షన్ ఉంది. గణిత పద్ధతులు, వ్యాపార పద్ధతులు, ఆల్గారిథమ్‌లు, కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్ అనిపించుకునేవి, వీటికి పేటెంటు ఇవ్వకూడదు అంటుంది. ఈ సెక్షన్ కాస్తలో తప్పిపోయేది. 2004 డిసెంబరు 26న కేంద్రం తెచ్చిన ఆర్డినెన్సు దీనికి కంత పెట్టింది. పరిశ్రమలో సాంకేతికంగా వాడితే, హార్డ్‌వేర్‌తో కలిస్తే ఇవ్వచ్చు అని రాసింది. 2005లో పార్లమెంటులో వామపక్షాలు పట్టుబట్టడంతో ఆ మాటలు తీసేశారు. 2015లో పేటెంటు ఆఫీసు మార్గదర్శకాలు మళ్లీ తలుపు తెరిచినట్టు కనిపిస్తే గొడవ అయింది, వెనక్కి తీసుకున్నారు. 2016లో కొత్తవి వచ్చాయి. అయినా తలుపు పూర్తిగా మూసి లేదు. 2019 డిసెంబరులో ఫెరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, ప్రోగ్రామ్ ఉందని ప్రతిదాన్నీ తోసెయ్యకూడదు, సాంకేతిక ఫలితం ఉంటే చూడాలి అంది.

కాబట్టి మిర్చి యార్డుకు పట్టీ ప్రోగ్రామ్ రాసే కుర్రాడు పేటెంటు గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. అదే కుర్రాడు కోల్డ్ స్టోరేజీకి కెమెరాల రికార్డర్ తయారుచేసి అమ్మితే? ఫోన్ల తయారీకో, వేరే పరికరాల తయారీకో వెళ్తే? అప్పుడు చూసుకోవాలి. వీడియో కుదించే పద్ధతుల మీద పేటెంట్లు ఉన్నాయి. ఆ పని చేసే ఎఫ్ఎఫ్ఎంపెగ్ కోడ్ ఓపెన్ సోర్సే, కానీ కోడ్ రాసినవాళ్లు తమ కాపీరైటుకే అనుమతి ఇవ్వగలరు, ఇంకొకరి పేటెంటుకు ఎలా ఇస్తారు? ఎంపీ3 పాటలకూ ఈ బాధ ఉండేది, గడువులు నిండి 2017 ఏప్రిల్‌లో ఆ లైసెన్సింగు మూసేశారు. ఆండ్రాయిడ్ చూడండి, కోడ్ అపాచీ లైసెన్సులో ఎవరైనా తీసుకోవచ్చు. అయినా 2013లో ఎరిక్సన్ కంపెనీ మైక్రోమ్యాక్స్ మీద, 2014 డిసెంబరులో షావోమి మీద ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. షావోమి అమ్మకాలు కొన్నాళ్లు ఆగాయి కూడా. గొడవ ఆండ్రాయిడ్ మీద కాదు, ఫోను టవర్‌తో మాట్లాడే పద్ధతికి ఉన్న పేటెంట్ల మీద.

అమెరికా క్లయింటుకు పని చేసేవాళ్లకు ఒక మాట. అక్కడ సాఫ్ట్‌వేర్ పేటెంట్లు ఉన్నాయి. వాళ్లు పంపే కాంట్రాక్టులో పదో పేజీలోనో పన్నెండో పేజీలోనో నష్టపూచీ అని ఒక పేరా ఉంటుంది. నీ కోడ్ వల్ల మా మీద పేటెంటు కేసు పడితే ఖర్చంతా నీదే అని దాని సారాంశం. ఇద్దరు కుర్రాళ్లు నంబూరులో అద్దె గదిలో నడిపే కంపెనీ దాని మీద సంతకం పెడితే, అది వాళ్ల నాన్న పొలం కాగితాల దాకా వస్తుంది. పరిమితి రాయించండి. తీసుకున్న ఫీజుకు మించి మా బాధ్యత లేదని. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, మనవాళ్లే అడగరు.

పేటెంట్ల నుంచి కాపలాకు లోకంలో ఒక ఏర్పాటు కూడా ఉంది. 2005లో పుట్టిన ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్. లినక్స్ విషయంలో ఒకరి మీద ఒకరు పేటెంటు కేసులు వేసుకోం అని సభ్యుల ఒడంబడిక. చిన్న కంపెనీ కూడా చేరొచ్చు. 2001లో లినక్స్‌ను క్యాన్సర్ అన్న మైక్రోసాఫ్ట్, మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల హయాంలో, 2018 అక్టోబరులో 60 వేల పేటెంట్లతో అందులో చేరింది. దానధర్మం కాదులెండి. వాళ్ల క్లౌడ్ వ్యాపారం చాలావరకు లినక్స్ మీదే నడుస్తోంది.

ఇంకొక్క సంగతి త్వరగా చెప్పేస్తాను. లైసెన్సు ఎప్పటికీ ఒకటే ఉంటుందని అనుకోకండి. డేటా దాచే, వెతికే సాఫ్ట్‌వేర్లనే చూడండి: మంగోడీబీ 2018 అక్టోబరులో, ఎలాస్టిక్ 2021లో, రెడిస్ 2024 మార్చిలో లైసెన్సులు బిగించాయి. తరవాత ఎలాస్టిక్, రెడిస్ ఏజీపీఎల్‌ను కూడా ఒక దారిగా తెచ్చాయి. పాత వెర్షన్ పాత షరతులోనే మీ దగ్గర ఉంటుంది, దాన్ని ఎవరూ లాక్కోలేరు. కొత్త వెర్షన్‌కు అప్‌డేట్ కొట్టిన రోజు కొత్త షరతు ఒప్పుకున్నట్టే. ఇప్పుడొస్తున్న ఏఐ మోడళ్ల దగ్గరా షరతు చూసుకోవాలి. మెటా కంపెనీ లామాను ఓపెన్ అని పిలుస్తున్నా, నెలకు 70 కోట్ల వాడుకరులు దాటిన కంపెనీలు వేరే అనుమతి తీసుకోవాలనే షరతు పెట్టింది. మన యార్డుకు ఆ అంకె అడ్డం రాదు గానీ, ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ మాత్రం దాన్ని ఓపెన్ సోర్స్ అనడానికి ఒప్పుకోలేదు.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. ఒక నోట్ పుస్తకం తీసుకోండి, ఎక్సెల్ అయినా సరే. వాడిన ప్రతి ముక్కకూ ఒక వరస. పేరు, వెర్షన్ నంబరు, లైసెన్సు, ఎక్కడి నుంచి తెచ్చాం, మనం మార్చామా లేదా, తెచ్చిన తేదీ. ఏజీపీఎల్ అని ఎక్కడ కనిపించినా ఎర్ర సిరాతో రాయండి. లైసెన్సు ఫైలే లేకుండా, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో దొరికిన కోడ్ మాత్రం ముట్టుకోకండి. లైసెన్సు లేదంటే అందరిదీ అని కాదు, ఎవరికీ అనుమతి ఇవ్వలేదని. రాసినాయనకు ఒక మెయిల్ పెట్టి అడగండి, ఇచ్చేవాళ్లే ఎక్కువ.

చివరిగా మా మండలంలోని ఇంజనీరింగ్ కాలేజీల అధ్యాపకులకూ, నాగార్జున విశ్వవిద్యాలయంలోని పెద్దలకూ ఒక మనవి. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు రిపోర్టులో మీరు ఎన్నో పేజీలు రాయిస్తారు. ముందు కృతజ్ఞతలు, వెనక గ్రంథసూచి. ఆ రిపోర్టులో ఒక్క పేజీ అదనంగా అడగండి: ఈ ప్రాజెక్టులో వాడిన ప్రతి సాఫ్ట్‌వేర్ పేరు, దాని లైసెన్సు, దాని షరతు ఎలా పాటించారన్నది. ఆ పేజీ లేకపోతే వైవాలో మార్కులు తగ్గించండి. వచ్చే ఏడాది బ్యాచి నుంచే మొదలుపెట్టొచ్చు.